డైనోసార్ నాణేలు కొనాలనుకుంటున్నారా? ముందు ఎముక సంగతి తెలుసుకోండి

నేను మొట్టమొదట కొన్న ‘డైనోసార్ గోల్డ్ కాయిన్’ బంగారమూ కాదు, నాణెమూ కాదు. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్ముతుంటే పన్నెండు వందలు పోసి తెప్పించుకున్నాను. ఒకవైపు టీ రెక్స్ పుర్రె, తిప్పితే రెండోవైపు కూడా టీ రెక్స్ పుర్రే, దేశం పేరు లేదు, ముఖవిలువ లేదు, నెల తిరక్కుండానే అంచు దగ్గర పూత లేచిపోయింది, అనుమానమొచ్చి ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కుంది. అడ్డంగా బుక్కయ్యాను. ఈ సరదా కొత్తగా పట్టుకున్నవాళ్లు ఆ పన్నెండు వందలు మిగుల్చుకోవాలనే ఇదంతా రాస్తున్నాను.

మొదట చూడాల్సింది బొరుసు మీద జంతువుని కాదు, బొమ్మ వైపు. అక్కడ దేశం పేరో రాజు రాణి బొమ్మో ఉండాలి, ఎక్కడో ఒకచోట ముఖవిలువ ఉండాలి, సంవత్సరం ఉండాలి. ఈ మూడూ లేకపోతే అది పతకం, టోకెన్, బొమ్మ, ఏదన్నా అనుకోండి, నాణెం మాత్రం కాదు. పతకాలు కొనకూడదని కాదు, కొన్ని చాలా అందంగా ఉంటాయి, కానీ నాణెం ధర పెట్టి పతకం కొనకండి.

దేశం పేరు ఉన్నా ఇంకో మెలిక ఉంది. నియూ, టువాలు లాంటి చిన్న ద్వీపాల పేరుతో ఏటా బోలెడన్ని నాణేలు వస్తుంటాయి. నియూలో ఉండే జనం రెండు వేల లోపే, వాళ్లు వాడుకునేది న్యూజిలాండ్ డాలరు, మరి అన్ని వెండి డైనోసార్లు ఎవరి కోసం? కలెక్టర్ల కోసమే. వేరే దేశంలోని టంకశాల ఆ దేశం అనుమతితో దాని పేరు వేసుకుని ముద్రిస్తుంది. ఇందులో మోసం లేదు, పని నాణ్యత కూడా బాగుంటుంది, కాకపోతే ఆ జంతువుకీ ఆ దేశానికీ ఏ సంబంధమూ ఉండదు. నాకైతే ఎముక దొరికిన దేశమో, దాన్ని చదివి పేరు పెట్టిన దేశమో వేసిన నాణెమే నచ్చుతుంది. ఇది నా పిచ్చి అనుకోండి, కానీ ఈ ఒక్క షరతు పెట్టుకోవడం వల్ల నా ఖర్చు సగానికి సగం తగ్గింది, ఎందుకంటే కనిపించిన ప్రతి టీ రెక్స్‌నీ కొనాల్సిన అవసరం తప్పింది.

ఈ షరతుతో మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది బ్రిటన్ టంకశాల రాయల్ మింట్ 2020లో తెచ్చిన మూడు యాభై పెన్స్ (అర పౌండు) నాణేలు. మెగలోసారస్, ఇగ్వానొడాన్, హైలియోసారస్. వీటికంటే పేరున్న డైనోసార్లు ఎన్నో ఉండగా ఈ మూడే ఎందుకంటే, 1842లో రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త ‘డైనోసోరియా’ అనే మాట పుట్టించినప్పుడు ఆయన ముందున్నవి సరిగ్గా ఈ మూడే. అంటే డైనోసార్ అనే పేరుకి పునాది ఇవి. నాణెం మీద జంతువు పేరుతోపాటు పేరు పెట్టిన మనిషి పేరూ, ఆ సంవత్సరమూ ఉంటాయి: మెగలోసారస్‌కి బక్‌లాండ్ 1824, ఇగ్వానొడాన్‌కి మాంటెల్ 1825, హైలియోసారస్‌కి కూడా మాంటెలే, 1833. బొమ్మలు గీసింది రాబర్ట్ నికల్స్ అనే చిత్రకారుడు, ఎముకలు చూసి ప్రాణమున్న జంతువుని ఊహించి గీయడమే ఆయన వృత్తి. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం తోడుగా ఉంది కాబట్టి ఇష్టమొచ్చినట్టు గీసినవి కావు.

మూడిట్లో ఇగ్వానొడాన్ నాణెం చేతికొస్తే దాని బొటనవేలు వెతకండి. మొదట్లో మాంటెల్‌కి దొరికినవి కొన్ని పళ్లూ విడి ఎముకలూ మాత్రమే, వాటిలో కొమ్ములాంటి ముక్క ఒకటి ఉంటే అది ముక్కు మీద కొమ్మే అనుకున్నారు, దశాబ్దాల పాటు బొమ్మల్లో ఖడ్గమృగంలాగే గీశారు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో నిండు అస్థిపంజరాలు బయటపడ్డాక గానీ అది చేతి బొటనవేలి ముల్లు అని తేలలేదు. ఈ సంగతి తెలియకుండా కొంటే అది ఒక బల్లి బొమ్మ ఉన్న ఏడు పలకల బిళ్ల. తెలిసి కొంటే ఇంటికొచ్చిన చుట్టాలకి పావుగంట చెప్పడానికి సరిపడా కథ.

2021లో వచ్చిన మేరీ ఆనింగ్ సెట్ నాకు ఇంకా ఇష్టం. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ అనే ఊళ్లో కొండచరియలు విరిగిపడిన చోట శిలాజాలు ఏరి అమ్ముకుని బతికిన కుటుంబం ఆమెది. 1811లో అన్న జోసెఫ్‌కి టెమ్నోడాంటోసారస్ పుర్రె కనపడితే, మిగతా శరీరాన్ని మరుసటి ఏడు ఆమె వెలికితీసింది, అప్పటికి పన్నెండు పదమూడేళ్లే. 1823లో ప్లీసియోసారస్, 1828లో డైమోర్ఫోడాన్. పెద్దమనుషులు ఆమె దగ్గర ఎముకలు కొనుక్కుని, వాటి మీద పేపర్లు రాసుకుని పేరు తెచ్చుకున్నారు. లండన్ జియలాజికల్ సొసైటీ ఆడవాళ్లని సభ్యులుగా చేర్చుకుంది 1919లో, ఆమె పోయింది 1847లో. ఈ సెట్లోని మూడూ టెమ్నోడాంటోసారస్, ప్లీసియోసారస్, డైమోర్ఫోడాన్. వీటిలో ఒక్కటి కూడా డైనోసార్ కాదు! మొదటి రెండూ సముద్రపు సరీసృపాలు, మూడోది ఎగిరేది. అమ్మేవాళ్లు వీటిని ‘డైనోసార్ 50పీ’ అనే పెడతారు, మీరు వెతికేటప్పుడు కూడా ఆ మాటతో వెతికితేనే దొరుకుతాయి, అది వేరే సంగతి.

2024లో అదే మింట్ మ్యూజియంలోని పేరుమోసిన అస్థిపంజరాల మీద ఇంకో మూడు తెచ్చింది: టైరనోసారస్, స్టెగోసారస్, డిప్లడోకస్. వీటి బొమ్మ వైపు రాణి స్థానంలో రాజు చార్లెస్ ఉంటాడు, ఈ ఒక్క తేడా చాలు పాత సెట్‌నీ కొత్త సెట్‌నీ ఫొటోలోనే పట్టెయ్యడానికి. డిప్లడోకస్ గురించి ఒక్క మాట. లండన్ జనం ‘డిప్పీ’ అని ముద్దుగా పిలుచుకునేది అసలు ఎముక కాదు, 1905లో అమెరికా కోటీశ్వరుడు ఆండ్రూ కార్నెగీ కానుకగా ఇచ్చిన ప్లాస్టర్ అచ్చు.

ఇక ఎముకలే కావాలి, ఊహాచిత్రాలు వద్దు అనేవాళ్లు కెనడా వైపు చూడాలి. 2007 నుంచి రాయల్ కెనడియన్ మింట్ నాలుగు డాలర్ల వెండి నాణేల వరుస ఒకటి తెచ్చింది, మొదట పారాసారోలోఫస్, 2008లో ట్రైసెరాటాప్స్, 2009లో టైరనోసారస్. 34 మిల్లీమీటర్ల నాణెం మీద రాతిలో ఇరుక్కున్న ఎముకల్లా చెక్కి, వాటికి కావాలని పాతబడిన నలుపు రంగు ఇచ్చారు. ఆ నలుపు ప్రతి నాణేనికీ కొంచెం వేరుగా పడుతుంది కాబట్టి ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. ఈ నలుపు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

2012లో అదే మింట్ వేసిన పాతిక సెంట్ల నాణెం అయితే పిల్లలున్న ఇంట్లో గొడవలు పెడుతుంది. వెలుతురులో చూస్తే పాకీరైనోసారస్ అనే జంతువు రంగుల్లో నిలబడి ఉంటుంది, ట్యూబ్‌లైట్ కింద ఓ నిమిషం ఉంచి లైటు ఆర్పేస్తే దాని అస్థిపంజరం వెలుగుతుంది. వెలుతురుని పట్టి ఉంచుకుని మెల్లగా వదిలే సిరా అది. చిత్రకారుడు జూలియస్ చోటొన్యీ. జంతువు పూర్తి పేరు పాకీరైనోసారస్ లకుస్టై, అల్బర్టా రాష్ట్రంలో పైప్‌స్టోన్ క్రీక్ అనే వాగు దగ్గర 1974లో ఆ ఎముకలు కనిపెట్టిన స్కూల్ సైన్స్ మాస్టారు ఆల్ లకుస్టా పేరది. మన స్కూళ్లలో సైన్స్ మాస్టార్లకి ఎవరన్నా ఈ నాణెం చూపిస్తే బాగుండు అనిపిస్తుంది నాకు. అదే వరుసలో 2014లో టిక్టాలిక్ వచ్చింది, నీళ్లలోంచి నేల మీదికి కాళ్లు చాపిన చేపలాంటి జీవి, వయసు దాదాపు 37.5 కోట్ల ఏళ్లు, 2004లో కెనడా ఉత్తర కొసన ఎల్స్‌మియర్ ద్వీపంలో దొరికింది.

ఆస్ట్రియా వాళ్లు మూడు యూరోల నాణేల మీద 2019 నుంచి డైనోసార్ల కాలపు జంతువుల్ని రంగుల్లో వేశారు, మొత్తం 12 నాణేలు. పిల్లలకి నచ్చుతాయి, అందుబాటు ధరే, కానీ ఆ మూడు యూరోలు ఆస్ట్రియాలో తప్ప పక్కనున్న జర్మనీలో కూడా చెల్లవు.

నిజమైన ఎముక ముక్కని పొదిగిన నాణేలంటూ కొన్ని వస్తాయి. నేను కొనను. ఆవగింజంత ముక్క ఏ జంతువుదో ఇంట్లో కూర్చుని తేల్చుకునే దారి లేదు, సర్టిఫికెట్ మీద నమ్మకం పెట్టుకుని డబ్బు కట్టాలి.

ధర దగ్గరికొద్దాం. ఒకే డిజైన్ రెండు మూడు రకాల తయారీలో వస్తుంది, కొత్తవాళ్లు ఇక్కడే తికమకపడతారు. బీయూ (బ్రిలియంట్ అన్‌సర్క్యులేటెడ్) అంటే చేతులు మారని, చిల్లరలోకి వెళ్లని సాదా నాణెం, యాభై పెన్స్ అయితే రాగి నికెల్ మిశ్రమం. 2020 సెట్‌లో ఒక్కో బీయూని మింట్ పది పౌండ్లకి అమ్మింది. అంటే ముఖవిలువకి ఇరవై రెట్లు, అది గుర్తుండాలి. దాని పైమెట్టు రంగు వేసిన బీయూ, ఆ పైన వెండి ప్రూఫ్, అన్నిటికంటే పైన బంగారం. ప్రూఫ్ అంటే అద్దంలాంటి నేపథ్యం మీద పొగమంచు పట్టినట్టు బొమ్మ తేలి కనపడేలా చేసే ప్రత్యేక ముద్ర. చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది, కాదనను. కానీ వెండి ప్రూఫ్ యాభై పెన్స్ బరువు 8 గ్రాములు, అందులో వెండి 92.5 శాతం, అంటే 7.4 గ్రాములు. ఈ రోజు వెండి ధరతో గుణించి చూడండి, అమ్మేవాడు చెప్పే ధరకీ దానికీ మధ్య ఎంత దూరం ఉందో అర్థమవుతుంది. ఆ దూరమంతా డబ్బా, సర్టిఫికెట్, డిజైన్ ఖరీదు. రేపు పెరుగుతుందని కొనకండి, చూసుకోవడానికి కొనండి. నా మాట అడిగితే బీయూలతో మొదలుపెట్టండి, ఏడాది తర్వాత కూడా సరదా తీరకపోతే అప్పుడు ఒక్క ప్రూఫ్ కొనుక్కోండి.

గ్రేడింగ్ (నాణెం స్థితికి 70కి ఇన్ని అని మార్కులు వేయడం) చేయించి ప్లాస్టిక్ పలకలో సీల్ వేసినవి కూడా అమ్ముతారు, 70కి 70 వచ్చిందంటూ. మొన్న మింట్ నుంచి వచ్చిన నాణెం బాగుండక ఏమవుతుంది? ఆ నంబరుకి అదనంగా వేలు పెట్టడం నాకు దండగ అనిపిస్తుంది.

విదేశం నుంచి తెప్పించుకునేటప్పుడు కస్టమ్స్ సుంకం లెక్కలోకి తీసుకోండి. నాణెం మీద యాభై పెన్స్ అని ఉంది కదా అని యాభై పెన్స్ మీద లెక్క కట్టరు, మీరు కట్టిన ధరకి పోస్టు ఖర్చు కూడా కలిపి లెక్క కడతారు. ఒక్కో నాణెం విడివిడిగా తెప్పిస్తే పోస్టు ఖర్చే నాణెం ఖరీదు దాటిపోతుంది, అందుకే ఇద్దరు ముగ్గురు కలిసి ఒకేసారి తెప్పించుకోవడం మేలు. ‘మా బావ లండన్ నుంచి వస్తున్నాడు, తెమ్మంటాను’ అనేవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ అదే పని చేశాను. రాగి నికెల్ నాణేలైతే టెన్షన్ లేదు. వెండి, బంగారం నాణేలైతే మాత్రం నగల రూపంలో లేని బంగారం, వెండి మామూలు ఫ్రీ అలవెన్స్ కిందికి రావు, ఎయిర్‌పోర్టులో డిక్లేర్ చేయాలి. బావగారి విమానం ఎక్కకముందే అప్పటి నియమం కస్టమ్స్ వెబ్‌సైట్లో చూసి ఆయనకి పంపండి, దిగాక రెడ్ చానెల్లో నిలబెట్టి మీ పేరు చెప్పించుకోవద్దు.

ఇక్కడే కొనాలంటే నాణేల ప్రదర్శనలు మంచి చోటు. చేత్తో పట్టుకుని చూసుకోవచ్చు, బేరం ఆడొచ్చు. ఫోన్‌లో ‘మీ పాత నాణేనికి లక్షలు, రిజర్వ్ బ్యాంక్ ఫీజు ముందు కట్టండి’ అనే పిలుపులొస్తే కట్ చేసెయ్యండి. అలాంటి ఫీజులేవీ తాము తీసుకోమని, ఎవరికీ అధికారం ఇవ్వలేదని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే ప్రకటన ఇచ్చింది.

నాణెం ఇంటికొచ్చాక చేసే పరీక్ష పెద్ద శాస్త్రమేం కాదు. గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి. యాభై పెన్స్ బీయూ బరువు 8 గ్రాములు, అడ్డంగా కొలిస్తే 27.3 మిల్లీమీటర్లు, పలకలు ఏడు, అయస్కాంతానికి అంటదు. ఈ నాలుగూ సరిపోతే నకిలీలు చాలామటుకు అక్కడే ఆగిపోతాయి. తర్వాత అక్షరాలు. నుమిస్తా అనే సైట్లో దాదాపు ప్రతి నాణేనికీ పేజీ ఉంటుంది, ఆ ఫొటో పక్కన పెట్టుకుని అక్షరాల అంచులు చూడండి, అసలుది కత్తిరించినట్టు ఉంటుంది, నకిలీది సబ్బు అరిగినట్టు ఉంటుంది. కెనడా వాళ్ల చీకట్లో వెలిగే నాణేన్ని పరీక్షించడం ఇంకా సులువు, లైటు ఆర్పితే సరి.

పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకోండి. ప్రూఫ్ అద్దం మీద వేలిముద్ర పడితే మొదట కనపడదు, ఆరు నెలలకి గోధుమరంగులో తేలుతుంది, ఇక పోదు. నాణేన్ని క్యాప్సూల్‌లోంచి తీయకుండా ఉండగలిగితే అసలు సమస్యే లేదు. విడిగా కొన్నవాటికి సైజు చూసి గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్ కొనండి. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ ఆల్బమ్‌లు మాత్రం వద్దు, ఆ పీవీసీ కొన్నేళ్లకి జిగురుగా మారి నాణెం మీద పచ్చటి చిలుము పట్టిస్తుంది. రబ్బరు బ్యాండు, న్యూస్‌పేపరు కూడా వెండికి పడవు, వాటిలోని గంధకం నల్లగా చేసేస్తుంది. బీరువాలో పెట్టేవాళ్లు ఇంకోటి గమనించాలి: పట్టుచీరల మధ్య కలరా ఉండలు వేస్తాం కదా, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, క్యాప్సూల్ పాలిపోయి అంటుకుపోతుంది. వేరే అర వాడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉంటే డబ్బాలో సిలికా జెల్ పొట్లం పడేసి, వానాకాలం ముందు మార్చండి. రంగు వేసిన నాణేలు ఎండ తగిలే షోకేసులో పెట్టకండి.

అన్నిటికంటే ముఖ్యం, తోమకండి. మన ఇళ్లలో ఇత్తడి కనిపిస్తే చింతపండు, వెండి కనిపిస్తే విబూది, ఇది చేతుల్లో ఉన్న అలవాటు. నా దగ్గరున్న కెనడా ట్రైసెరాటాప్స్ వెండి నాణెం గురించి ఇంతకుముందు చెప్పాను కదా, ఆ కావాలని ఇచ్చిన నలుపు. వరలక్ష్మీ వ్రతం ముందురోజు మా అమ్మ వెండి సామాను తోముతూ, నేను టేబుల్ మీద వదిలేసిన దాన్ని కూడా చూసి, ‘ఇంత నల్లబడిపోయిందేంట్రా, పట్టించుకోవా?’ అని జాలిపడి విబూదితో శుభ్రంగా తోమి, మెత్తటి గుడ్డతో తుడిచి, కుందుల పక్కన పెట్టింది. ఎముకల చుట్టూ ఉన్న నలుపంతా పోయింది. ట్రైసెరాటాప్స్ కంచంలా మెరుస్తోంది. అమ్మనేమంటాం, తప్పు టేబుల్ మీద వదిలేసిన నాది.

చివరగా, ప్రతి నాణెం కింద ఒక చీటీ పెట్టుకోండి. ఎక్కడ కొన్నారు, ఎంతకి, బరువు ఎంత వచ్చింది, జంతువు ఎక్కడ దొరికింది, పేరు ఎవరు పెట్టారు. ఈ చీటీ రాయలేకపోతున్నారంటే ఆ నాణెం గురించి మీకింకా ఏమీ తెలియదన్నమాట, ఇంకోటి కొనకుండా ఆగండి. హైదరాబాద్‌లో ఉంటే బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్లి కోటాసారస్ అనే డైనోసార్ ముందు నిలబడి ఈ చీటీ రాయడం ప్రాక్టీస్ చెయ్యండి: పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి, ఒకటి కంటే ఎక్కువ జంతువుల ఎముకలు కలిపి నిలబెట్టిన అస్థిపంజరం, 1988లో యాదగిరి అనే మన జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పెట్టిన పేరు. దాని మీద నాణెం నేనింతవరకు చూడలేదు. సర్వే శతాబ్ది సందర్భంగా 1951లో రెండణాల స్టాంపు మీద స్టెగోడాన్ గణేశ అనే పాతకాలపు ఏనుగుని వేశారు, అది కొనుక్కుని నాణేల మధ్యలోనే పెట్టుకున్నాను.

ట్రైసెరాటాప్స్ చీటీలో మాత్రం ఒక లైను ఎక్కువ ఉంది: ‘విబూది. శ్రావణ గురువారం. అమ్మ.’